రెండోసారి ఒంటిగంట

అక్టోబర్ ఆఖరి ఆదివారం, షెఫీల్డ్‌లో
ఒంటిగంట యాభైతొమ్మిది తర్వాత
రెండు కాదు, మళ్లీ ఒంటిగంటే.
దేశం దేశమంతా ముల్లు వెనక్కి తిప్పి
అటు తిరిగి పడుకుంటుంది.
నేను మాత్రం ఏటా ఈ రాత్రి
లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను.
ఎవరూ కూర్చోమనలేదు.
వంతు కూడా నాది కాదు.

ఏడేళ్ల కిందట, చేరిన కొత్తలో,
వృద్ధాశ్రమాల్లో రాత్రి పనివాళ్ల గంటలు లెక్కగట్టే
ప్రోగ్రాం నా చేతికిచ్చారు.
నాలుగు వందల లైన్లు, సామాన్లు కుక్కిన చీకటి కొట్టులా.
మూడు రోజుల్లో పదకొండు లైన్లకు దించాను.
దిగిన వేళలోంచి ఎక్కిన వేళ తీసెయ్, అంతే.
రెండో తరగతి తీసివేత.
టెస్టులన్నీ పచ్చగా వెలిగాయి.
అలిస్టర్ నా కుర్చీ వెనక నిలబడి
"ముచ్చటగా ఉంది" అన్నాడు.
ఆ వారమంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

తీసేసిన ఆ లైన్ల మధ్య ఒకచోట
ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన మాట ఉండేది:
అక్టోబర్. దీన్ని కదపొద్దు.
ఎందుకో రాయలేదు.
నేనూ అడగలేదు.

నవంబర్‌లో, జీతాలు పడ్డ మర్నాడు, ఫోన్.
రాదరమ్ నుంచి బెర్నడెట్ అనే ఆవిడ.
సపోర్టు వాళ్లు భోజనానికి వెళ్లారు, నేనెత్తాను.
గొంతు పెంచలేదు.
"రాత్రి పదికి డ్యూటీ ఎక్కాను, పొద్దున్న ఆరుకి దిగాను.
మీరు ఎనిమిది గంటలన్నారు.
ఆ రోజు ఒంటిగంట రెండుసార్లు వచ్చిందమ్మా.
రెండుసార్లూ నేను మేలుకునే ఉన్నాను.
మొదటి ఒంటిగంటకి పదకొండో గదిలో దుప్పట్లు మార్చాను.
రెండో ఒంటిగంటకి
మళ్లీ అదే గది, మళ్లీ దుప్పట్లు."

నూట నలభై ఆరు మంది.
మనిషికో గంట.
తీసివేతలో పక్క అంకె దగ్గర
పది అప్పు తెచ్చుకోమని నేర్పిన టీచరు
ఆ అప్పు ఎవరిదో చెప్పలేదు.

సాయంత్రానికల్లా సరిచేశాను.
డబ్బు వాళ్లకి చేరడానికి మాత్రం
మూడు వారాలు, నాలుగు సంతకాలు, ఒక క్షమాపణ ఉత్తరం.
ఆ ఉత్తరం నేనే రాస్తానన్నాను.
జీవితంలో ఏ కోడ్‌నీ
అన్నిసార్లు కొట్టేసి తిరగరాయలేదు.

తర్వాత పేరు పక్కన సీనియర్ చేరింది,
మొన్న ఏప్రిల్లో ప్రిన్సిపల్.
ఇప్పుడు రోజుకి ఇరవై లైన్లు రాస్తే ఎక్కువ.
అడుగుతూ తిరుగుతాను:
ఇది ఎవరు పెట్టారు, ఆ రోజు ఏం జరిగింది,
ఎవరైనా ఫోన్ చేశారా.
నేను మీటింగుకి వస్తున్నానంటే
పిల్లలు నిట్టూరుస్తారని తెలుసు.

శుక్రవారం టామ్సిన్, చేరి అయిదు నెలలు,
నా పాత దిద్దుబాటు తెర మీద చూపించి
"ఒక్క రాత్రి కోసం ఇంత గొడవ అవసరమా?" అంది.
దుప్పట్ల సంగతి నోటిదాకా వచ్చింది.
మింగేసి, తీసేసి చూడమన్నాను.
తీసింది. ఒక టెస్టు ఎర్రబడింది.
ఆ టెస్టు పేరు బెర్నడెట్.
కాసేపు దాన్నే చూసి
"ఎవరీవిడ?" అని అడిగింది.
అప్పుడు చెప్పాను.

ఒంటిగంట యాభైతొమ్మిది.
గాలికి ఎదురింటి చెత్తడబ్బా మూత కొట్టుకుంటోంది.
ఒంటిగంట.
ముప్పై ఎనిమిది ఆశ్రమాల్లో ఎవరో
మెత్తటి చెప్పులతో గదికీ గదికీ మధ్య నడుస్తుంటారు.
నాకు కనిపించేవి అంకెలే,
ఒక్కో అంకె పక్కన ఒక చిన్న గుర్తు.
అన్నీ పడ్డాయి. ఒకసారి లెక్కపెట్టాను.
మళ్లీ లెక్కపెట్టాను.

టీ పెట్టుకుందామని లేచాను.
వంటింట్లో ఓవెన్ మీది గడియారానికి ఎవరూ చెప్పలేదు,
అది రెండు దాటి నాలుగు నిమిషాలంటోంది.
ఈ ఇంట్లోకి వచ్చి ఆరేళ్లు,
దాన్ని ఎలా మార్చాలో నాకు ఇంతవరకూ తెలీదు.
మార్చి దాకా అలాగే ఉంటుంది.
అప్పుడు దానంతటదే ఒప్పవుతుంది.